రెండో పిలుపు

ఐదింటిలోగా రావాలి, ఐదు దాటితే కంప్యూటరు తీసుకోదు అని నందిగామ కోచ్ ఉషశ్రీ పొద్దున ఫోనులో ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఇప్పుడు చూస్తే నాలుగుకు పది నిమిషాలు, జగ్గయ్యపేట బస్టాండులో నందిగామ బస్సు స్టార్టయి గుర్రుమంటూ ఉన్నచోటే ఉంది, డ్రైవరు కింద టీ బంకు దగ్గర ఎవరితోనో నవ్వుతూ గ్లాసు ఊదుకుంటున్నాడు. తాగవయ్యా, నిదానంగా తాగు, నీకేం, నీ కూతుర్ని ఎవరూ లోన్‌కి అడగలేదు. చూడామణి హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి చూసుకుంది. ఫారం ఉంది. బస్సెక్కాక ఇలా చూసుకోవడం ఇది మూడోసారి, మడత పడకుండా స్కూలు అట్ట మధ్య పెట్టుకొచ్చిన కాగితం ఎక్కడికి పోతుంది, దానికేమైనా కాళ్ళా. కాళ్ళున్నది సంహితకు. పదిహేడేళ్ళ పిల్ల, పేట ఎలెవెన్ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డు ఆడుతుంది, నందిగామలోని మునేరు క్లబ్బు వాళ్ళు ఒక్క సీజన్‌కి మాకివ్వండి అని అడిగారు, పేట వాళ్ళు సరేనన్నారు. ఎనిమిది నెలలు అక్కడే, క్లబ్బు అద్దెకు తీసుకున్న ఇంట్లో, తతిమ్మా అమ్మాయిలతో పాటు ఉండాలి, ఎందుకంటే ప్రాక్టీసు తెల్లవారుజామున ఐదున్నరకి, ఆ వేళకు పేట నుంచి అందుకునే బస్సు లేదు. పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఇంట్లో ఒకరు సంతకం పెట్టాలి. ఆ ఒకరు నువ్వే అయిపో అని శేషాద్రి సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి వెళ్ళిపోయాడు, వెళ్తూ వెళ్తూ చెప్పులేసుకుంటూ, ముప్పై కిలోమీటర్లే కదే అన్నాడు. మొగుడు మంచివాడే, కానీ అనకూడని మాట ఎక్కడుందో వెతికి పట్టుకుని మరీ అంటాడు.

బస్సు కదిలింది. కండక్టరు ఆధార్ కార్డు చూసి జీరో టికెట్ చేతిలో పెట్టాడు. నందిగామ. ఇరవై ఏళ్ళుగా ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి, ఎంఈవో ముందు కూడా బెదరదు, ఈ ఊరి బోర్డు ముందు మాత్రం చిన్నదైపోతుంది. సంహితకు ఇదంతా తెలియదు. దానికి నిన్నటి నుంచీ భూమ్మీద కాళ్ళు ఆనడం లేదు, పొద్దున్నే బూట్లు, బాటిలు సర్దుకుని మెడికల్ టెస్టుందని ముందే వెళ్ళిపోయింది, గుమ్మం దాటి వెనక్కి తిరిగి, ఐదు దాటనీకమ్మా అంది. అడిగింది, అంతే, బతిమాలలేదు. తల్లి ఎందుకు దాటనిస్తుంది అని దాని ధీమా. ఆ ధీమా తలుచుకుంటేనే భయం వేస్తోంది.

వెనక సీటులో ఇద్దరు పెళ్ళి భోజనానికి వచ్చి తిరిగి వెళ్తున్నట్టున్నారు, తాంబూలం సంచులు గరగరమంటున్నాయి. మొహాలు కనపడవు, గొంతులే. "కృష్ణయ్య మాస్టారూ, గ్రూపులో చూశారా, పేట పిల్లని లోన్‌కి తెస్తున్నారంట మనోళ్ళు." పడుచు గొంతు. "చూశా నరేంద్రా. ఇంకా సంతకం కాలేదంటగా, ఐదింటికి గడువంట." ఇది పెద్దాయనది, ఎక్కడో పీఈటీగా చేసి రిటైరైన గొంతు, ఈల ఊది ఊది బొంగురుపోయినట్టుంది. చూడామణి బ్యాగును రెండు చేతులతో పట్టుకుంది. నందిగామ వాళ్ళు, క్లబ్బు అభిమానులు, తన కూతురి గురించే, తన జడకు మూరెడు దూరంలో కూర్చుని. తిరిగి చూస్తే బాగుండదు. చూడకపోతే వినడమే పని. "ఆ పిల్ల వస్తే నడుమంతా సెట్టయిపోద్ది మాస్టారూ, పరిమళ మోకాలు పోయినకాడ్నుంచి మిడ్‌ఫీల్డ్‌లో మనకి మనిషే లేదు." "ఏం సెట్టవడం. లోన్ అంటే అరువే కదయ్యా. అరువు పిల్లని నమ్ముకుని జట్టు కడతారా ఎవరైనా. అది మనకి అలవాటయ్యేసరికి సీజన్ అయిపోద్ది."

అరువు పిల్ల. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఆ రెండు మాటలకు ఆమె వెన్ను తనంతట తానే నిటారుగా అయింది. నందిగామ వీధిలో ఎదురింటి దుర్గాంబ అలాగే పిలిచేది, చెడ్డ మనసుతో కాదు, ముద్దుగానే, ఏమే అరువు పిల్లా, మీ పెద్దమ్మనడిగి కాసిని కాఫీపొడి పట్రా అని. ఆ వీధిలో కాఫీపొడి, పంచదార, ఇడ్లీ రవ్వ అన్నీ అరువు నడిచేవి, గ్లాసుతో తెచ్చుకుని వారం తిరిగేసరికి అదే గ్లాసుతో తిరిగిచ్చేవాళ్ళు, తెచ్చుకున్నది అంచు దాకా అయితే ఇచ్చేటప్పుడు అంచు మీద గోపురం కట్టి. ఏదైనా తిరిగొచ్చేది. ఎనిమిదేళ్ళ చూడామణి గడప మీద కూర్చుని ఆ గ్లాసులు వెళ్ళడం, రావడం చూస్తూ ఉండేది. వత్సవాయిలో అమ్మకు మూడో కాన్పు కష్టమై మంచాన పడితే, పిల్లల్లేని పెద్దమ్మ భారతీదేవి వచ్చి, పెద్దదాన్ని నేను తీసుకెళ్తానే, ఒక్క ఏడాదికే, నువ్వు లేచి తిరిగేదాకా అంది. నందిగామ ఎంత దూరమని, ముప్పై కిలోమీటర్లే కదా అని పెదనాన్న దశరథరామయ్య అన్నాడు. అమ్మ లేచి తిరిగింది. తమ్ముడు పుట్టాడు, నడిచాడు, పలక పట్టాడు. ఏడాది అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. పెద్దమ్మ ఇంట్లో ఏం తక్కువైందని, రెండు జడలకు రెండు రంగుల రిబ్బన్లు, కాన్వెంటు బూట్లు, పాలల్లో బూస్టు. ఏదీ తక్కువ కాలేదు కాబట్టి నోరు తెరిచి అనడానికీ లేదు, అసలు బాధ అదే. అక్కడే పదో తరగతి, అక్కడే టీచర్ ట్రైనింగు, అక్కడి నుంచే పెళ్ళి. పీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది కూడా పెద్దమ్మ, పెదనాన్నలే. అమ్మా నాన్నా ముందు వరసలో కుర్చీల్లో కూర్చుని చుట్టాల్లాగా అక్షింతలు వేశారు.

చిల్లకల్లు టోల్ దగ్గర లారీల వెనక బస్సు నత్తనడక నడిచింది. నాలుగూ పది. వెనక నరేంద్ర వదిలేలా లేడు. "మీరు దాని ఆట చూళ్ళేదు మాస్టారూ, అందుకే అలా అంటున్నారు. బాల్ దాని కాళ్ళకి రాకముందే మెడ తిప్పి వెనక్కి చూసుద్ది. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు. ఎవరెక్కడున్నారో ముందే చూసి పెట్టుకుంటది. అది నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి." పుట్టుకతో. అలా చూడటం చూడామణికి తెలుసు. పెద్దమ్మ ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళాలన్నా ముందు అలాగే చూసుకునేది, కుర్చీలో ఎవరున్నారు, పెదనాన్న పేపరు చదవడం అయిందా, గిన్నెలో కూర ఎంత మిగిలింది, తను వేసుకుంటే ఎవరికి తక్కువవుతుంది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ వద్దనలేదు, అయినా చూసుకునేది. సొంత ఇంట్లో పిల్లలు కళ్ళు మూసుకుని పరిగెడతారు. అరువొచ్చిన పిల్ల చూసి అడుగేస్తుంది. ఈ విద్య కూతురికి ఎవరు నేర్పారు, తనే నేర్పిందా, పాలతో పాటు పోసేసిందా. సంహితను ఒక్కరోజు కూడా ఎవరింటికీ పంపలేదే. వేసవి సెలవుల్లో అత్తగారింటికి పంపమన్నా ఏదో వంక పెట్టి ఆపేసింది. అంత చేసినా మెడ తిప్పడం వచ్చేసిందంటే ఇక తనేం చేయగలదు. ఊరు ఊరంతా చప్పట్లు కొడుతున్నది తన పిల్ల భయానికేమో అనిపించింది ఆమెకు.

"ఆడుద్దిలేవయ్యా, ఆడదని నేనన్నానా," అన్నాడు కృష్ణయ్య. "రీకాల్ ఉందంటగా. డిసెంబర్లో పేరెంట్ పిలిస్తే చచ్చినట్టు పంపాల్సిందే." ఆ మాటకు చూడామణికి కాస్త ఊపిరి ఆడింది. అవును, అదే లైను, నిన్న సాయంత్రం ఫారంలో మూడుసార్లు చదువుకున్న లైను, పేరెంట్ కోరితే డిసెంబరు నెలాఖరుకు క్రీడాకారిణిని వెనక్కి పంపాలి అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. ఆ ఒక్క లైను చూసే సరేనంది. ఎనిమిది నెలలు కాదు, నాలుగు నెలలు, పిలిచే హక్కు చేతిలో ఉంది, పిలిస్తే వస్తుంది. అమ్మకు అప్పట్లో ఇలాంటి కాగితం ఉంటే ఎంత బాగుండేది. "పేట క్లబ్బోళ్ళు పిలవర్లే మాస్టారూ," అంటున్నాడు నరేంద్ర. పేట క్లబ్బు ఎందుకు వచ్చింది మధ్యలో. పేరెంట్ అంటుంటే క్లబ్బంటాడేంటి ఈ అబ్బాయి. ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగింది. "ఏవండీ, పేరెంట్ అంటే ఎవరండీ?" నరేంద్రే మర్యాదగా చెప్పాడు. "పేరెంట్ క్లబ్ అండి. అంటే లోన్‌కి ఇచ్చిన క్లబ్బు. ఇక్కడైతే పేట ఎలెవెన్. అమ్మానాన్నలకి దాంతో ఏం సంబంధం ఉండదండి."

ఇరవై ఏళ్ళుగా నెలనెలా పేరెంట్ మీటింగులు పెట్టే పంతులమ్మ, పేరెంట్ అన్న మాట చూసి అది తనేననుకుంది. ప్రశ్న మొత్తం చదివాకే జవాబు రాయమని పిల్లల చెవులు మెలేసే మనిషి, ఫారంలో పైన ఇకమీదట పేరెంట్ అనగా అని మొదలయ్యే నాలుగు లైన్లు దాటేసి కిందికి దూకింది. సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది, తర్వాత అన్నిటికన్నా పెద్దగా భయం వచ్చింది. "మరి ఆ పిల్లే వస్తానంటే?" అని అడిగింది, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంటూ. "పిల్ల మాట ఎవరడుగుతారమ్మా," అన్నాడు కృష్ణయ్య జాలిగానే. "రెండు క్లబ్బులూ అనుకోవాలి. నా సర్వీసులో ఎన్ని చూశా. ఇచ్చినోళ్ళు ఆ ప్లేసులో ఇంకో పిల్లని కుదుర్చుకుంటారు. పిలవాలంటే ముందు గుర్తుండాలిగా." ఆమె ముందుకు తిరిగి కూర్చుంది. ఆయన మంచివాడే. ప్రపంచంలో అందరూ మంచివాళ్ళే, ఆ వీధిలోనూ అందరూ మంచివాళ్ళే.

నవాబుపేట దాటాక బస్సు ఆగిపోయింది. ముందు పత్తి విత్తనాల లోడు లారీ రోడ్డుకు అడ్డంగా నిలిచింది, టైరు పేలిందట. నాలుగూ ఇరవై రెండు. రెండు వైపులా మోకాలెత్తు పత్తి చేలు, పొద్దున పడ్డ వానకు నల్లగా తడిసిన నేల, జనం దిగి చూసి వస్తున్నారు. ఫోనులో సంహిత మెసేజ్, అమ్మా ఎక్కడ. వస్తున్నా అని టైపు చేసి, పంపకుండా వేలు పైన పెట్టి ఉంచింది. ఇక్కడే అరగంట ఆగితే ఎవరి తప్పూ ఉండదు. లారీ తప్పు. టైరు తప్పు. ఐదు దాటిపోతుంది, కంప్యూటరు తీసుకోదు, పిల్ల ఒక పూట ఏడుస్తుంది, సాయంత్రం బస్సుకు ఇద్దరూ కలిసి ఇంటికి వస్తారు. బస్సు కదిలినా కొణకంచి అడ్డరోడ్డు దగ్గర దిగిపోవచ్చు. కడుపులో తిప్పిందని చెప్పవచ్చు. ఈ ఆలోచన వచ్చినందుకు తనను తాను చీదరించుకుంది, అయినా దాన్ని పక్కకు నెట్టలేదు, ఒళ్ళోని బ్యాగులాగే దాన్నీ పట్టుకుని కూర్చుంది. పిలిచేవాళ్ళు లేని చోటికి పిల్లను ఎలా పంపడం. తనను పిలవలేదు. నాన్న పిలవలేదు. ఏడాది తిరిగిన దసరా సెలవులకు వత్సవాయి నుంచి సంచీడు సీతాఫలాలు మోసుకొచ్చాడు, వరండాలో బల్ల మీద కూర్చున్నాడు, మజ్జిగ తాగాడు, పిలవకుండానే వెళ్ళిపోయాడు. ఈ కథ శేషాద్రికి చెప్పింది, తమ్ముడికి ఒకసారి ఫోనులో ఏడుస్తూ చెప్పింది, ఎప్పుడు చెప్పినా అదే వరస, సీతాఫలాలు, బల్ల, మజ్జిగ, పిలవలేదు.

మజ్జిగకూ వెళ్ళిపోవడానికీ మధ్యలో ఏముంది. అక్కడ ఏదో ఉంది, ఎప్పుడూ అక్కడికి వచ్చేసరికి తొందరగా దాటేసేది, ఫారంలో పై నాలుగు లైన్లు దాటేసినట్టు. నడవా తలుపు వెనక నిలబడి ఉంది తను. తలుపుకు కొత్తగా వేసిన రంగు వాసన. "పిల్ల వస్తానంటే తీసుకెళ్దామని వచ్చా వదినగారూ." అన్నాడు, నాన్నే అన్నాడు, ఈ మాట ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుంది. "దానికిక్కడ బాగా అలవాటైంది మరిదిగారూ, అయినా మీ పిల్ల, పిలవండి, వస్తానంటే నేనెందుకు ఆపుతా," అంది పెద్దమ్మ, గొంతు సన్నగా వణికింది. అప్పుడు నాన్న పిలిచాడు. చూడమ్మా అని. గట్టిగా కాదు, బయటి మనిషి ఇంట్లో ఎంత గొంతుతో పిలవవచ్చో అంత గొంతుతో. ఒక్కసారి. తను కదల్లేదు. పెద్దమ్మ ఏడాదిగా నేర్పిన మర్యాద ఒకటుంది, ఎవరింట్లోనైనా మొదటిసారి వడ్డిస్తామంటే వద్దనాలి, రెండోసారి అడిగితేనే వేయించుకోవాలి, ఒక్క మాటకే పళ్ళెం చాపితే ఆబగా ఉన్నామనుకుంటారు. లడ్డూకైనా అంతే, పులిహోరకైనా అంతే. ఎనిమిదేళ్ళు దాటి తొమ్మిదో ఏడు నడుస్తున్న పిల్ల, నాన్న పిలుపును కూడా అలాగే అనుకుంది. మొదటి పిలుపుకే పరిగెత్తితే పెద్దమ్మ చిన్నబుచ్చుకుంటుంది, ఇన్నాళ్ళూ దీనికోసమే కాచుక్కూర్చుంది అనుకుంటుంది. రెండోసారి పిలవగానే వెళ్దామని గౌను సరిచేసుకుంది, చెప్పులెక్కడున్నాయో కూడా చూసి పెట్టుకుంది. రెండో పిలుపు రాలేదు. పిల్లకు ఇష్టం లేదేమోలెండి అని నాన్న లేచాడు. లేచేటప్పుడు బల్ల కిర్రుమంది. ఆ చప్పుడు మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు.

బస్సు ఎప్పుడు కదిలిందో ఆమెకు తెలియలేదు. కొణకంచి అడ్డరోడ్డు వచ్చింది, పోయింది, దిగలేదు. కొంగుతో మొహం తుడుచుకుంటుంటే వెనక నుంచి కృష్ణయ్య, "నీళ్ళు తాగుతారా అమ్మా," అని బాటిలు అందించాడు. వద్దండి అనబోయింది, అలవాటుగా. నోటి దాకా వచ్చిన ఆ మాట మింగేసి చెయ్యి చాపి తీసుకుంది. తాగాక ఫోను తీసి, టైపు చేసి ఉంచిన ఆ ఒక్క మాటా పంపింది.

నందిగామ బస్టాండులో దిగేసరికి నాలుగూ నలభై ఆరు. ఆటో ఎక్కి గ్రౌండుకు చేరేసరికి నాలుగూ యాభై మూడు. గేటు పక్క గదిలో ఉషశ్రీ ల్యాప్‌టాప్ తెరిచి, స్కానర్ పక్కన పెట్టుకుని, గుమ్మం వైపే చూస్తోంది. చూడామణి ఫారం బల్ల మీద పెట్టి, పేరెంట్ అన్న మాట మీద వేలు పెట్టింది. "ఇక్కడ మా అమ్మాయి పేరు కూడా రాయొచ్చా అండి. తను వస్తానంటే పంపాలని." ఉషశ్రీ గడియారం చూసింది. "అసోసియేషన్ ఫార్మాట్ అండి, ఒక్క అక్షరం మార్చినా తిప్పి పంపుతారు. అయినా మధ్యలో వెళ్ళిపోతానంటే మేం కట్టేసి ఉంచంగా మేడమ్. సీజన్ పోద్ది, అంతే." అంతే. సీజన్ పోతుంది, అంతే. ఈ మాట ఇంత తేలిగ్గా ఎవరైనా అనగలరని ఆమెకు ఇంతవరకూ తట్టలేదు. పెన్ను తీసింది, కానీ సంతకం పెట్టలేదు. కిటికీలోంచి గ్రౌండు కనిపిస్తోంది, ఇవతలి కొసన పది పన్నెండు మంది అమ్మాయిలు గుండ్రంగా నిలబడి బంతి తన్నుకుంటున్నారు, అందులో ఎర్ర సాక్సులది సంహిత. బంతి రాకముందే మెడ తిప్పింది. ఒకసారి, ఇంకోసారి. చూడామణి గుమ్మంలోకి వచ్చి, సంహితా అని పిలిచింది. గట్టిగా కాదు. ఒక్కసారే.

సంహిత బంతి వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎవరినీ అడగలేదు, ఎవరి మొహమూ చూడలేదు. "ఏంటమ్మా ఇంత లేటు, నా ప్రాణాలు పోయినయ్యి," అంది రొప్పుతూ, తల్లి కొంగుతోనే చెమట తుడుచుకుంటూ. చూడామణి దాని చెయ్యి పట్టుకుంది. "బాల్ వచ్చేముందు వెనక్కి చూస్తావేంటే, ఎందుకలా." సంహిత వింతగా చూసింది, ఇప్పుడా ఈ ప్రశ్న అన్నట్టు. "ఎవరికి ఇవ్వాలో ముందే తెలియాలి కదమ్మా. లేకపోతే నా దగ్గరే ఆగిపోద్ది." ఎవరికి ఇవ్వాలో. పిల్ల చూసేది దానికోసమా. ఆమె గదిలోకి వెళ్ళి, నాలుగూ యాభై ఏడుకు, తల్లి లేదా తండ్రి అన్న చోట తండ్రిని కొట్టేసి సంతకం పెట్టింది. ఉషశ్రీ చేతిలోంచి లాక్కున్నట్టే కాగితం తీసుకుని స్కానర్‌లో పెట్టింది. గుమ్మం దగ్గర సంహిత గోడకు ఆనుకుని, సాక్సు పైకి లాక్కుంటూ, ఉన్నట్టుండి చిన్న గొంతుతో అడిగింది. "అమ్మా, డిసెంబర్లో పేట వాళ్ళు నన్ను పిలవకపోతేనో."

"నేను పిలుస్తా," అంది చూడామణి. "రెండుసార్లు పిలుస్తా."

సంహిత నవ్వింది. "రెండుసార్లెందుకమ్మా. ఒక్కసారికే వినపడుద్ది."